ఆయుధం కోసం తీసుకెళ్లిన చోటే కాల్పులు: చెన్నై ఎన్‌కౌంటర్ల తీరు ఏం చెబుతోంది?

క్లుప్తంగా: చెన్నైలో 2024 జులై నుంచి 2025 మార్చి దాకా పెద్ద చర్చకు వచ్చిన నాలుగు ఎన్‌కౌంటర్లలో మూడింటిలో చనిపోయినవారు అప్పటికే పోలీసుల చేతిలో ఉన్నారు. ఆయుధమో సొత్తో చూపించడానికి తీసుకెళ్లిన చోట కాల్పులు జరిగాయి. ఎవరు ముందు కాల్చారన్న వాదనకు ముందే తేలాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ ప్రయాణానికి ఎవరు అనుమతించారు? ఏ తుపాకీతో వెళ్లారు? ఆ తర్వాత ఆధారాలు ఎవరు సేకరించారు? ప్రాణం నిలవడమైనా, నిజం బయటపడడమైనా వీటి మీదే ఆధారపడుతుంది. పోలీసు వ్యవస్థ సైన్యం పోకడ పట్టడం అనే మాట అమెరికాలో ఒక అర్థంలో, మన దగ్గర మరో అర్థంలో నడుస్తోంది.

నాలుగు ఘటనలు, ఒకే రకం వివరణ

2024 జులై 5 సాయంత్రం పెరంబూరులో బీఎస్పీ తమిళనాడు అధ్యక్షుడు కె.ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఆయన ఇంటి దగ్గరే నరికి చంపారు. మూడు రోజుల్లో నగర పోలీసు కమిషనర్ మారారు. జులై 14 తెల్లవారుజామున, ఆ హత్య కేసులో కస్టడీలో ఉన్న నిందితుడిని ఆయుధాల కోసం మాధవరం వైపు తీసుకెళ్లగా తప్పించుకుని, దాచిన తుపాకీతో తమపై కాల్చాడని, తాము తిరిగి కాల్చగా చనిపోయాడని పోలీసులు ప్రకటించారు. సెప్టెంబరు 18న వ్యాసర్‌పాడిలో మరో రౌడీషీటర్ చనిపోయాడు. అది కారు ఆపి తనిఖీ చేయబోయినప్పుడు జరిగిన కాల్పులన్నారు. సెప్టెంబరు 23న నీలాంకరై సమీపంలో ఇంకొకరు. ఆయన్ను అంతకుముందు రోజు కడపలో పట్టుకుని చెన్నై తెచ్చారు, ఆయుధం చూపించడానికి తీసుకెళ్లినప్పుడు కాల్పులు జరిగాయన్నారు. 2025 మార్చి 25 ఉదయం దక్షిణ చెన్నైలో వరుసగా గొలుసు దొంగతనాలు జరిగాయి. ఇద్దరిని విమానాశ్రయంలో, మూడో వ్యక్తిని రైల్లో వెళ్తుండగా ఒంగోలులో పట్టుకున్నారు. విమానాశ్రయంలో దొరికినవారిలో ఒకరు మర్నాటి తెల్లవారుజామున తరమణిలో, సొత్తు స్వాధీనం చేసుకునే సమయంలో తూటా తగిలి చనిపోయారు.

కడప, ఒంగోలు పేర్లు వినిపించడంతో సరిహద్దుకు ఇటువైపు తెలుగు పాఠకుల్లోనూ ఈ వార్తలు పాకాయి. నిజానికి ఈ తీరు తెలుగువారికి కొత్త కాదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు చనిపోయింది కూడా తెల్లవారుజామునే, వస్తువుల స్వాధీనం కోసం తీసుకెళ్లిన చోటే. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ ఆ కథనాన్ని నమ్మలేదు. నిందితులు పిస్తోళ్లు లాక్కున్నారన్న వాదనను తోసిపుచ్చి, పదిమంది పోలీసులను విచారించాలని సిఫార్సు చేసింది. నివేదిక 2022 మేలో బయటికొచ్చింది.

చెన్నై ఘటనలకు చటాన్‌పల్లి కమిషన్ నిర్ధారణను అంటగట్టడం సరికాదు. ప్రతి కాల్పులకూ దాని ఆధారాలు దానివే. కానీ ప్రమాదం పదేపదే ఒకే మలుపులో జరుగుతుంటే, డ్రైవర్ల సంగతి తర్వాత, ముందు ఆ మలుపును చూడాలి.

ఆ ప్రయాణం ఎందుకు?

పోలీసుల ముందు చేసిన నేర ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. ఒక్క మినహాయింపు ఉంది. కస్టడీలో ఉన్న వ్యక్తి చెప్పిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువు బయటపడడానికి కారణమైన మాట వరకు సాక్ష్యంగా పనికొస్తుంది. పాత సాక్ష్య చట్టంలో ఇది 27వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్‌కు మినహాయింపుగా ఉంది. హత్య కేసులో కత్తి, దోపిడీ కేసులో గొలుసు ఈ దారిలోనే కేసులోకి వస్తాయి. అందువల్ల దర్యాప్తు అధికారికి ఈ ప్రయాణం అవసరమే.

అయితే నిందితుడిని వెంటబెట్టుకు వెళ్లి తీరాలని ఆ సెక్షన్ ఎక్కడా చెప్పదు. చెప్పిన చోటును మధ్యవర్తుల సమక్షంలో రాసుకుని, ఆ కాగితం పట్టుకుని పోలీసులే వెళ్లి వెతికినా సమాచారం వల్ల దొరికిన వస్తువే అవుతుంది. ‘చూపించాడు’ అనే మాట పంచనామాలో ఉంటే కోర్టులో బలంగా నిలుస్తుందన్న అలవాటుతోనే మనిషిని తీసుకెళ్తారు. దాచింది కత్తో గొలుసో అయితే ఆ అలవాటు వల్ల పెద్ద ముప్పు లేదు. గుళ్లు నింపిన తుపాకీ దాచాడని అనుమానం ఉన్నప్పుడు మాత్రం అతన్ని ఆ చోటుకు చేయి అందేంత దగ్గరగా తీసుకెళ్లడం వృత్తిపరంగా పెద్ద తప్పు. పోలీసుల కథనమే అక్షరాలా నిజమనుకున్నా, ఆ తప్పుకు సంజాయిషీ అడగాల్సిందే.

జాగ్రత్తగా చేస్తే ఎలా ఉంటుంది?

ముందుగా ఒక చిన్న బృందం వెళ్లి ఆ చోటును చుట్టుముట్టి, లోహశోధక పరికరంతో వెతుకుతుంది. తుపాకీ దొరికితే గుళ్లు తీసేసి, ఉన్నచోటే ఫొటో తీసి, అప్పుడు నిందితుడిని దూరం నుంచి చూపించమంటారు. పగటివేళ వెళ్తారు. చెట్లు, రేకుల షెడ్లు, పొదలు ఉన్న శివారు స్థలంలో తెల్లవారుజాము చీకటి ఎవరికీ మేలు చేయదు. నిందితుడి పక్కన నడిచే ఇద్దరి దగ్గర తుపాకీ ఉండకూడదు. లాక్కోవడానికి అక్కడ ఆయుధమే ఉండదు కాబట్టి. తుపాకీలు పట్టుకున్నవారు పది పన్నెండు అడుగుల వెనక, ఒకరి గురికి ఒకరు అడ్డం రాకుండా నిలబడతారు.

బేడీల విషయంలో చాలామందికి అయోమయం ఉంది. బేడీలు మామూలు పద్ధతిగా వాడకూడదని 1980లో, మేజిస్ట్రేటు అనుమతి కావాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43(3) సెక్షన్ హత్య, వ్యవస్థీకృత నేరం, అక్రమ ఆయుధాలు, పదేపదే నేరం చేయడం వంటి కేసుల్లో బేడీలకు వీలిచ్చింది. కానీ ఆ సెక్షన్ మాట్లాడేది అరెస్టు సమయం గురించి, కోర్టులో హాజరుపరిచే సమయం గురించి. స్వాధీనం కోసం తీసుకెళ్లే ప్రయాణం అందులో స్పష్టంగా లేదు. కాబట్టి పోలీసు కస్టడీ కోరే పిటిషన్‌లోనే బేడీలకు అనుమతి అడగడం సరైన దారి. అడగడానికి ఒక్క వాక్యం చాలు. బేడీలు వేయడానికి చట్టం ఒప్పుకోలేదని, అందుకే పారిపోయాడని తర్వాత చెప్పే అవకాశం అప్పుడుండదు.

బేడీలే సర్వరక్షణ అనుకోవడానికీ లేదు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర వ్యానులోనే కాల్పుల్లో చనిపోయారు. వారి చేతులకు బేడీలున్న ఫొటోలు అప్పుడే బయటికొచ్చాయి.

ఇప్పుడు చట్టమే తెచ్చిన ఒక కొత్త సాధనం వీడియో. సంహితలోని 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం ప్రక్రియ మొత్తాన్ని దృశ్య శ్రవణ రూపంలో, వీలైతే మొబైల్ ఫోన్‌తోనే, రికార్డు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. 2024 జులై 1 తర్వాత స్వాధీనం కోసం వెళ్లిన ఏ బృందమైనా కెమెరా ఆన్‌చేసి ఉండాల్సిందే. ఏ ఎన్‌కౌంటర్‌లోనైనా విలేకరులు, న్యాయవాదులు, కుటుంబం మొదట అడగాల్సింది ఆ రికార్డింగే. ‘గొడవలో ఫోన్ పడిపోయింది’ అంటే, ఫోన్ ఎక్కడ పడింది, ఏ నిమిషంలో ఆగింది, దాన్ని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపారా అన్నవి తర్వాతి ప్రశ్నలు.

చంపే హక్కు ఎంతవరకు?

పోలీసులకు చంపే ప్రత్యేక అధికారం ఏ చట్టంలోనూ లేదు. అరెస్టును ప్రతిఘటిస్తే అవసరమైన అన్ని మార్గాలూ వాడవచ్చని నాగరిక్ సురక్షా సంహిత 43(2) చెబుతుంది. మరణశిక్షకో యావజ్జీవానికో గురయ్యే నేరం ఆరోపణ లేని వ్యక్తిని చంపే హక్కు దీనివల్ల రాదని 43(4) గీత గీస్తుంది. గొలుసు తెంపుకుపోవడం భారతీయ న్యాయసంహిత 304వ సెక్షన్ కింద గరిష్ఠంగా మూడేళ్ల నేరం. కత్తి చూపి గాయపరిచి దోచుకుంటే అది యావజ్జీవం వరకు వెళ్తుంది. ఒకే ఉదయం జరిగిన ఘటనలకు ఏ సెక్షన్ పెట్టారన్నదాన్ని బట్టి ఈ గీత అటో ఇటో కదులుతుందన్నమాట.

ఇక్కడ అమెరికాతో పోల్చితే ఒక సూక్ష్మం కనిపిస్తుంది. పారిపోతున్నవాడిని కాల్చే విషయంలో అక్కడి సుప్రీంకోర్టు 1985లో టెన్నెసీ వర్సెస్ గార్నర్ తీర్పులో, అతనివల్ల ఇతరుల ప్రాణానికి ముప్పుందా అన్నదే కొలతగా పెట్టింది. 1989లో గ్రాహం వర్సెస్ కానర్ తీర్పు, ఆ స్థితిలో ఉన్న వివేకవంతుడైన అధికారి ఎలా చూస్తాడో అలా తూచాలంది. ఐక్యరాజ్యసమితి 1990 సూత్రాలు ఇంకా కఠినం, ప్రాణం కాపాడడానికి వేరే దారే లేనప్పుడు మాత్రమే ప్రాణం తీసే ఉద్దేశంతో కాల్చాలి. మన 43(4) మాత్రం ఎదురుగా ఉన్న ముప్పును చూడదు, మోపిన నేరానికి పడే శిక్షను చూస్తుంది. 1898 నాటి నేరవిచారణ చట్టంలోని మాటే 1973లో, మళ్లీ 2023లో దాదాపు అలాగే కొనసాగింది. చట్టం మొత్తం మార్చుతూ ఈ వాక్యాన్ని ముట్టుకోకపోవడం పెద్ద లోపం.

వాస్తవంలో ప్రతి ఎన్‌కౌంటర్ వాదనా ఆత్మరక్షణ మీదే నిలుస్తుంది. అది పోలీసుకైనా మామూలు పౌరుడికైనా ఒకటే హక్కు. న్యాయసంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. అవసరమైనదానికి మించి హాని చేయకూడదన్న హద్దు 37లో ఉంది. ఆత్మరక్షణ అన్నది ఎక్కడ తేలాలి? 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని, ఆత్మరక్షణను కోర్టు విచారణలోనే రుజువు చేసుకోవాలని చెప్పింది. పౌరహక్కుల సంఘం ఏళ్లతరబడి నడిపిన పోరాటం ఫలితం అది. సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. ఆ తర్వాత దేశమంతటికీ వర్తించేలా వచ్చినవి 2014 సెప్టెంబరు 23న, పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో (పీయూసీఎల్ వర్సెస్ మహారాష్ట్ర) సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోని 16 మార్గదర్శకాలు.

ఆచరణలో ఎఫ్‌ఐఆర్ అయితే పడుతుంది. అది చాలాసార్లు చనిపోయినవాడి మీద, పోలీసులపై హత్యాయత్నం చేశాడంటూ పడుతుంది. నిందితుడు చనిపోయాడు కాబట్టి కేసు ముగిసిందని రాసేస్తే, కాల్చినవారి చర్యను ఏ కోర్టూ తూకం వేయకుండానే ఫైలు మూతపడుతుంది.

తొలి కొన్ని గంటలు

2014 మార్గదర్శకాల్లో ముఖ్యమైనవి ఇవి. నిఘా సమాచారం ముందే రాతపూర్వకంగా నమోదవ్వాలి. దర్యాప్తు సీఐడీ గానీ, వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి. పర్యవేక్షించే అధికారి, కాల్పుల బృంద నాయకుడి కంటే కనీసం ఒక మెట్టు పైవాడై ఉండాలి. పోస్టుమార్టం ఇద్దరు వైద్యులు చేయాలి, వీడియో తీయాలి. మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. కాల్చినవారు తుపాకీలను పరీక్షకు అప్పగించాలి. చూపిన సాహసం సందేహానికి అతీతంగా నిర్ధారణయ్యేదాకా సాహస పతకాలు, వరుస తప్పించిన పదోన్నతులు ఇవ్వకూడదు. అసలు ఈ చివరి నిబంధన ఎందుకు అవసరమైందో తమిళనాడు చరిత్రే చెబుతుంది. 2004 అక్టోబరు 18న ధర్మపురి జిల్లాలో వీరప్పన్‌ను చంపిన తర్వాత ప్రత్యేక దళ సిబ్బందికి పదోన్నతి, నగదు, ఇంటి స్థలం కలిపి ఇచ్చారు.

ఆధారాలు తొందరగా పోతాయి. తుపాకీ పేలితే సీసం, యాంటిమొనీ, బేరియం కలిసిన సన్నని రేణువులు చేతిమీద పడతాయి. బతికున్నవాడు చేతులు కడిగినా, ప్యాంటుకు రుద్దుకున్నా కొన్ని గంటల్లో అవి పోతాయి. మృతుడి చేతులకు కాగితపు సంచులు కట్టాలి. ప్లాస్టిక్ సంచి కడితే చెమ్మ పట్టి రేణువులు చెదిరిపోతాయి. ‘మాపై కాల్చాడు’ అన్న వాదనకు ఇదే మొదటి పరీక్ష. కాల్చిన పోలీసుల చేతుల నమూనాలూ అదే సమయంలో తీసుకోవాలి.

నాటు తుపాకీకి గొట్టం లోపల మరలు ఉండవు. అందువల్ల తూటా మీద గీతలతో పోల్చడం కుదరదు. ఖాళీ షెల్ వెనక భాగంలో పిన్ను కొట్టిన గుర్తును పోల్చాలి. అంటే ఖాళీ షెల్ దొరక్కపోతే ఆ తుపాకీయే పేలిందని చెప్పడం కష్టం. పోలీసు వాహనానికి తగిలిన రంధ్రంలో సన్నని కడ్డీ పెట్టి కోణం కొలిస్తే, తూటా ఏ దిశ నుంచి వచ్చింది, కాల్చినవాడు నిలబడ్డాడా, వంగి ఉన్నాడా అన్నది అంచనా వేయవచ్చు. గాయం చుట్టూ మసి ఉంటే సుమారు అడుగు లోపు నుంచి, తుపాకీ మందు చుక్కలు గుచ్చుకుని ఉంటే రెండు మూడు అడుగుల లోపు నుంచి కాల్చినట్టు. ఇరవై అడుగుల దూరంలో ఎదురుకాల్పులని చెప్పిన కథనంలో చొక్కా మీద మసి కనిపిస్తే అది నిలవదు. అందుకే చొక్కాను ఆసుపత్రి చెత్తబుట్టలో వేయనివ్వకూడదు, ఆరబెట్టి కాగితంలో చుట్టాలి.

ఇంకో విషయం సాధారణంగా మరుగున పడుతుంది. కస్టడీలో ఉండగా తీసుకెళ్లిన మనిషి కాల్పుల్లో చనిపోతే అది ఎన్‌కౌంటర్ మాత్రమే కాదు, కస్టడీ మరణం కూడా. సంహిత 196(2) ప్రకారం పోలీసు దర్యాప్తుతో పాటు మేజిస్ట్రేటు విచారణ జరగాలి. ‘ఎన్‌కౌంటర్’ అన్న పేరు పెట్టగానే ఈ సెక్షన్ మాయం కాదు.

మోకాలి కింద కాల్పులు, మావుకట్టు

బెంగళూరులో వార్త మరో రూపంలో వస్తుంది. మహజర్‌కు, అంటే పంచనామాకు తీసుకెళ్లిన రౌడీషీటర్ కానిస్టేబుల్ మీద కత్తితో దాడిచేశాడు, ఇన్‌స్పెక్టర్ కాలిపై కాల్చారు. ప్రాణం పోలేదు కాబట్టి మేజిస్ట్రేటు విచారణ లేదు, రెండ్రోజుల్లో వార్తా లేదు. కాలిమీద కాల్చడం సురక్షితమన్న నమ్మకం తప్పు. తొడ లోపలి ధమని తెగితే కొన్ని నిమిషాల్లో ప్రాణం పోతుంది. మోకాలి వెనక ధమని దెబ్బతింటే సుమారు ఆరు గంటల్లో రక్తప్రసరణ పునరుద్ధరించకపోతే కాలు తీసేయాల్సి రావచ్చు. కదిలే కాలు సన్నని గురి, తప్పిన తూటా రోడ్డుకు తగిలి ఎగిరితే దారినపోయేవారికి ప్రమాదం. అందుకే చాలా దేశాల్లో పోలీసులకు కాలికి గురిపెట్టే శిక్షణ ఉండదు. ప్రాణాపాయం ఉంటే శరీరం మధ్యలో కాల్చాలి, లేకపోతే అసలు కాల్చకూడదన్నది వారి సూత్రం. మరి కాలికి గురిచూసి కాల్చేంత తీరిక ఉందంటే, కాల్చాల్సినంత ముప్పు అప్పుడుందా?

2014 మార్గదర్శకాలు తీవ్రగాయాల కేసులకూ వీలైనంత వరకు వర్తిస్తాయని ఆ తీర్పులోనే ఉంది. కాలి కాల్పుల విషయంలో దాన్ని గుర్తుచేసేవారు తక్కువ.

చెన్నైలో దీనికి తోబుట్టువు ‘మావుకట్టు’. నిందితుడు బాత్రూంలో జారిపడ్డాడని చెప్పి చేతికో కాలికో పిండికట్టుతో కోర్టుకు తెస్తారు. సామాజిక మాధ్యమాల్లో ఆ ఫొటోకు చప్పట్లు పడతాయి. తూటా లేదు, తుపాకీ లేదు. కానీ విచారణకు ముందే శిక్ష అన్న ఆలోచన ఒక్కటే. దాన్ని మెచ్చుకునే నగరం తర్వాతి మెట్టు తూటాను ప్రశ్నించడం కష్టం.

గుంపు మీదికి రైఫిల్

ఒక మనిషి మీద పిస్తోలు కాల్పులకూ, గుంపు మీద రైఫిల్ కాల్పులకూ చట్టం వేరు, భౌతికశాస్త్రం కూడా వేరు. గుంపును చెదరగొట్టే ఆదేశం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ, స్టేషన్ అధికారి గానీ, అతను లేనప్పుడు ఎస్సై స్థాయికి తగ్గని అధికారి గానీ ఇవ్వాలి. ఇది సంహిత 148. మైకులో హెచ్చరిక, బాష్పవాయువు, లాఠీ, చివరికి కాల్పులు అన్నది వరుస. 1964లో పోలీసు అధిపతుల సమావేశం ఆమోదించిన నమూనా నియమాల ప్రకారం గాలిలోకి గానీ, తలల మీదుగా గానీ కాల్చకూడదు. తక్కువ ఎత్తులో, అత్యంత ప్రమాదకరంగా ఉన్న భాగం వైపు గురిపెట్టాలి, గుంపు చెదరడం మొదలవగానే ఆపాలి. గాలిలోకి కాల్చడం దయ అనుకుంటారు చాలామంది. ఆ తూటా ఎక్కడో ఒకచోట కింద పడుతుంది. 2021 డిసెంబరులో పుదుక్కోట్టై జిల్లా నార్తామలై దగ్గర ఫైరింగ్ రేంజిలో సాధన చేస్తుండగా దారితప్పిన తూటా ఇంటి దగ్గరున్న పదకొండేళ్ల పిల్లాడి తలకు తగిలి, కొన్ని రోజుల్లో ప్రాణం తీసింది.

పోలీసు బలగాల్లో చాలాకాలం వాడిన 7.62 మి.మీ. ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ తూటా సెకనుకు సుమారు 830 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. దాని శక్తి 9 మి.మీ. పిస్తోలు తూటాకు దాదాపు ఆరు రెట్లు. యుద్ధభూమిలో వందల మీటర్ల అవతల శత్రువు కోసం చేసిన ఆయుధం అది. ఒక శరీరంలోంచి దూరి వెనకున్న మనిషినీ పడగొట్టగలదు. దాన్ని ఊరి కూడలికి తెచ్చినప్పుడే సగం నిర్ణయం అయిపోయినట్టు.

2018 మే 22న తూత్తుకుడిలో అదే జరిగింది. స్టెరిలైట్ కర్మాగారానికి వ్యతిరేకంగా నూరో రోజు ఆందోళన కలెక్టరేట్ వైపు సాగింది. కాల్పుల్లో 13 మంది చనిపోయారు. జస్టిస్ అరుణా జగదీశన్ కమిషన్ నివేదిక 2022 అక్టోబరులో శాసనసభ ముందుకొచ్చింది. పారిపోతున్నవారిపై, చాటు నుంచి కాల్చారని తేల్చి 17 మంది పోలీసులపై చర్య కోరింది. కలెక్టర్ అలసత్వాన్నీ తప్పుబట్టింది. ముందుగా తెలిసిన ర్యాలీకి బందోబస్తు, బారికేడ్లు, చర్చలు అన్నీ విఫలమైన తర్వాత మిగిలినది రైఫిల్ ఒక్కటే. బెంగళూరు డీజే హళ్లిలో 2020 ఆగస్టు 11 రాత్రి అల్లర్లప్పుడు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. అక్కడ పోలీసు స్టేషన్ మీదే దాడి జరిగింది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. కానీ ఎవరి ఆదేశం, ఎన్ని రౌండ్లు, ఏ ఆయుధం అన్న లెక్క మాత్రం రెంటికీ ఒకే రకంగా ఉండాలి.

మధ్యలో ఉండే సాధనాలూ సరిగ్గా వాడకపోతే చంపుతాయి. బాష్పవాయు గోళాన్ని వంపుగా పైకి పేల్చాలి, నేరుగా గురిపెడితే తల పగులుతుంది. గడువు తీరిన గోళాలు పేలకపోవడంతో, దగ్గర పడిన గుంపు ముందు సిబ్బంది తుపాకీ వైపు తొందరగా వెళ్తారు. గోదాములో గోళాల గడువు తేదీ చూడడం అన్నిటికంటే చవకైన ప్రాణరక్షణ.

సైన్యం పోకడ: అక్కడ, ఇక్కడ

అమెరికాలో ఈ చర్చ సైనిక సామగ్రి చుట్టూ తిరుగుతుంది. 1967 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన స్వాట్ అనే ప్రత్యేక సాయుధ పోలీసు బృందాలు దేశమంతా పాకాయి. 1997 నుంచి 1033 కార్యక్రమం కింద సైన్యం వాడి పక్కనపెట్టిన సామగ్రి, 700 కోట్ల డాలర్లకు పైగా విలువైనది, స్థానిక పోలీసులకు వెళ్లింది. 2014లో ఫెర్గుసన్ పట్టణంలో నిరసనలప్పుడు వీధుల్లో కవచ వాహనాలు కనిపించాక 2015లో ఒబామా ఆంక్షలు పెట్టారు, 2017లో ట్రంప్ తీసేశారు. ఈ సామగ్రి నేరాలు తగ్గించిందని 2017లో అధ్యయనాలు వచ్చాయి. 2020లో మరింత సరైన దత్తాంశంతో చూసినప్పుడు ఆ ఫలితం నిలవలేదు.

మన దగ్గర కథ తలకిందులు. ఇక్కడ పోలీసు వ్యవస్థ పుట్టుకే సైన్యం తరహా. మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసు చట్టం 1859 నాటిది, దేశవ్యాప్త చట్టం 1861 నాటిది. 1857 తిరుగుబాటు భయంతో, ఐర్లాండ్ సాయుధ పోలీసు నమూనాలో వచ్చినవి. తమిళనాడులో కానిస్టేబుల్ కొలువు సాధారణంగా సాయుధ రిజర్వులోనో, స్పెషల్ పోలీసు బెటాలియన్‌లోనో మొదలవుతుంది. కవాతు, రైఫిల్, బందోబస్తు తర్వాత కొన్నేళ్లకు స్టేషన్‌కు వస్తారు. జనంతో మాట్లాడే పని చివర నేర్చుకుంటారు. దీనిపైన గ్రేహౌండ్స్ వంటి అడవి యుద్ధపు బలగాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 1989లో మొదలుపెట్టిన ఆ నమూనాను ఇతర రాష్ట్రాలూ చూసి నేర్చుకున్నాయి. అడవిలో ఆ బలగాల ఫలితాల గురించి వాదించవచ్చు. అక్కడి అలవాటు నగరంలోకి రావడమే అసలు సమస్య.

ఆ అలవాటుకు నగరంలో పెట్టిన పేరు తనిప్పడై, అంటే ప్రత్యేక బృందం. వేర్వేరు స్టేషన్ల నుంచి మనుషుల్ని ఏరి, ఒక కేసు అప్పగిస్తారు. ఆ బృందం చేసిన పని ఏ స్టేషన్ జనరల్ డైరీలో (రోజువారీ రికార్డులో) రాయాలి, ఆ బృందం ఎవరికి జవాబుదారీ అన్నవి గాలిలో ఉంటాయి. 2025 జూన్‌లో శివగంగ జిల్లా తిరుప్పువనం పరిధిలో ఒక గుడి కాపలాదారు ఇలాంటి బృందం చేతిలో, తూటా లేకుండానే, దెబ్బలతో చనిపోయాడు. ఆ తర్వాతే అనధికార బృందాలను రద్దు చేయాలని ఆదేశాలొచ్చాయి. కవచ వాహనం కంటే జవాబుదారీ లేని ఆరుగురి బృందమే మన దగ్గర ఎక్కువ ప్రమాదం.

కేసు మీద పడే దెబ్బ, కుటుంబం చేయగలిగింది

నిందితుడు చనిపోతే అతని మీద కేసు ముగుస్తుంది. కిరాయి హత్యలో డబ్బు ఎవరిచ్చారు, ఆయుధం ఎక్కడ కొన్నారు, ఏ ఫోన్‌లో మాట్లాడారు అన్నది చెప్పగలిగినవాడు పోతాడు. పై వరస నిందితులకు అతనొక మంచి సాకు, అన్నీ చనిపోయినవాడి మీద తోసేయవచ్చు. హతుడి కుటుంబానికి ఎన్‌కౌంటర్ న్యాయంలా కనిపించినా, అసలు కుట్ర తేలే దారి అక్కడే సన్నబడుతుంది.

ఆంధ్ర జిల్లాల్లో పట్టుకుని చెన్నై తెచ్చే కేసుల్లో తెలుగు కుటుంబాలకు కొన్ని గంటలే ఉంటాయి. అరెస్టు పత్రం మీద బంధువో సాక్షో సంతకం ఉందా చూడాలి. స్థానిక మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచి ట్రాన్సిట్ రిమాండ్ (వేరే రాష్ట్రానికి తరలించే అనుమతి) తీసుకున్నారా అడగాలి. 24 గంటల లెక్క అరెస్టు నిమిషం నుంచి మొదలవుతుంది, ప్రయాణ సమయం మాత్రమే మినహాయింపు. అరెస్టయినవారి పేర్లు జిల్లాలో, స్టేషన్‌లో ప్రదర్శించే బాధ్యత ఒక అధికారిపై ఉంటుంది. ఉచిత న్యాయసహాయానికి 15100. ప్రాణానికి భయం ఉందనుకుంటే ఆ మాటను సమయంతో సహా మేజిస్ట్రేటుకు, మానవ హక్కుల కమిషన్‌కు ఇ-మెయిల్‌లో రాసి పంపడం మేలు. తర్వాత ఏ విచారణలోనైనా ఆ సమయమే సాక్ష్యం.

మరణం జరిగిపోతే, 2020 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం కస్టడీ మరణాల గురించి ఇచ్చిన ఆదేశాలు పనికొస్తాయి. పోస్టుమార్టానికి ముందు కుటుంబం శరీరాన్ని ముందు, వెనక చూసి ఫొటోలు తీసుకోవచ్చు. ఫోరెన్సిక్ వైద్యంలో పీజీ చేసిన ఇద్దరు వైద్యులు పరీక్షించాలి, ఒళ్లంతా ఎక్స్‌రే తీయాలి. తమిళం చదవలేనివారు అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టకుండా, తమ మాటను తెలుగులో రాసి జతచేయమని కోరాలి. రెండో పోస్టుమార్టం కోసం హైకోర్టుకు వెళ్తామని కుటుంబం చెబితే శరీరాన్ని కనీసం 48 గంటలు భద్రపరచాలి. ఆ మాట నోటితో చెప్పి ఊరుకోకుండా, ఆసుపత్రి అధికారికి కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం, సమయం వేయించుకోవాలి.